కొత్తవెండి

కోంగ్స్‌బర్గ్,
మే 29

ప్రియమైన ఓడ్‌వార్‌కు,

నీ సిగ్నె రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అమ్మా, కుక్కా బాగున్నాం. ముగ్గురిలోనూ ఎక్కువ బాగున్నది ఎవరంటే కుక్కే. అక్కడ జాన్ మాయెన్ దీవిలో నువ్వూ, నీ వంటశాలా, నీ చేతివంట తిని ఇంకా తిరుగుతున్న ఆ వాతావరణ కేంద్రం వాళ్లూ క్షేమమేనని తలుస్తాను. సరుకుల విమానం వచ్చేవారం మీ దీవికి బయల్దేరుతుందట. అది తప్పిపోతే మళ్ళీ ఎప్పుడో తెలియదు కాబట్టి ఈ ఉత్తరం ఒక్క ఊపులో రాసేస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు ఫోన్ పట్టుకుంటే నీ వెనక గిన్నెలు కడిగేవాడి నుంచి కేంద్రం పెద్ద దాకా అందరూ వింటారు. పోయినసారి నేను నీ బనియన్ల గురించి అడిగితే ఎవరో నవ్వారు, నాకు వినబడింది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పొగగొట్టం మనిషి వచ్చాడా అని అడిగావు. వచ్చాడు, పైకి చూశాడు, తల ఊపాడు, కాఫీ తాగి వెళ్లిపోయాడు. పొయ్యి వెలిగిస్తే పొగ ఇప్పటికీ వంటింట్లోకే వస్తోంది. ఎలాగూ ఎండలు వచ్చేశాయి కనుక నేను దానితో పోట్లాట మానేశాను. పెరట్లో పుల్లటి రూబార్బ్ కాడలు మోకాలెత్తు పెరిగాయి. పక్కింటివాళ్లకి పంచాను, వాళ్లు మొహమాటానికి తీసుకున్నారు. మన కుక్క ట్రుల్స్ నీ ఎడమకాలి బూటు కొరికేసింది. కుడికాలిది నేను దాచాను, ఒంటి బూటుతో ఏం చేస్తావో వచ్చాక చూద్దాం.

నీ బంగాళాదుంప లెఫ్సె రొట్టెలు పెనం మీద ఎందుకు విరిగిపోతున్నాయో మీ అమ్మని కనుక్కోమన్నావు. కనుక్కున్నాను. "దుంపలు వేడి మీద చిదిమి, పూర్తిగా చల్లారాక పిండి కలపాలి. వాడు ఆగడు. చిన్నప్పుడూ అంతే, పొయ్యి మీదది పొయ్యి మీదే మింగి నాలుక కాల్చుకునేవాడు" అంది. ఇది ఉన్నదున్నట్టు రాయమంది, రాశాను.

ఇక మిగిలింది నాణెం సంగతి. దాన్ని ఎందుకు వెనక్కి నెట్టానో నీకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. నెమ్మదిగా చదువు, చివరకు అంతా మంచే జరిగింది.

నువ్వు వెళ్లాక స్వెర్రె మా లోహాల పరీక్షశాలకి వచ్చాడు. మన ఊరి మ్యూజియంలో నాణేలు చూసుకునే స్వెర్రె, ఎప్పుడు చూసినా మెడకి చుక్కల బో టై కట్టుకునే మనిషి. ఈ వేసవిలో మచ్చు నాణేలతో ఒక ప్రదర్శన పెడుతున్నారట. కొత్త నాణెం తీసుకురాబోయే ముందు టంకశాలలో రకరకాల లోహాలతో కొట్టి చూసేవి, తర్వాత దాదాపు అన్నీ కరిగించేసేవి. మిగిలిన కొన్నింటిని ఒక పళ్లెంలో పేర్చుకొచ్చి, ఏది ఏ లోహమో పరీక్షించి చెప్పమన్నాడు. అవి చూస్తుండగా నాకు మీ అమ్మ మెడ కింది నాణెం గుర్తొచ్చి నోరు జారాను. స్వెర్రె కళ్లు వెలిగిపోయాయి. "టంకశాలలో పనిచేసిన మీ మామగారు, ఐవిన్ గారి దగ్గర వెండిది ఉందని మా పాతవాళ్లు అనుకునేవారు. కథే అనుకున్నా. అడిగి చూడవా?" అన్నాడు.

మీ అమ్మని అడిగితే పెద్దగా ఉత్సాహపడలేదు. తర్వాత రెండు రోజులకి తనే పరీక్షశాలకి వచ్చింది, నాణెం చేతిరుమాల్లో మూటగట్టుకుని. నాకు ఇవ్వలేదు, తనే పట్టుకుంది. బట్టలకి తగిలించుకోవడానికి దాన్ని చుట్టూ పట్టి ఉంచే వెండి పళ్ల చట్రంలోంచి నాణేన్ని తప్పించడానికి మాత్రం ఒప్పుకుంది. నేను తుపాకీలాంటి ఎక్స్‌రే మిషన్ తీశాను.

"ఇదా? దీంతో జుట్టు ఆరబెట్టుకుంటారనుకున్నా" అంది.

"దీన్ని ఆనించి మీట నొక్కితే లోహం ఏదో చెప్తుంది అత్తయ్యా."

"అడిగిన ప్రతిదానికీ నిజమే చెప్తుందా?"

"చెప్తుంది."

"అయితే దీన్ని ఇంట్లో పెట్టుకోకు" అంది.

నొక్కాను. వెండి, నూటికి తొంభై పైన. కొంచెం రాగి, చిటికెడు నికెల్. వెండి నాణెంలో రాగి ఉండడం మామూలే. నికెల్ ఎక్కడిదని ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. పక్కనే నిలబడ్డ స్వెర్రె అప్పటికే "వెండే, వెండే" అని చేతులు రుద్దుకుంటున్నాడు. మీ నాన్న మాట నిజమైందని నాకూ పొంగిపోవాలనిపించింది. మీ అమ్మ మాత్రం మిషన్ వంక చూసి, నాణెం వంక చూసి, "ఓహో, అలాగా" అని ఊరుకుంది. సంతోషంతో మాట రాలేదనుకున్నాను. ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేసి వెండేనని చెప్పాను. నువ్వు మీ దీవి మొత్తానికి కేకు చేసి పెట్టావట కూడా.

ఓడ్‌వార్, అది వెండి కాదు. నేను తొందరపడ్డాను.

ఎలా తెలిసిందో చెప్తాను. ప్రదర్శనలో ప్రతి నాణెం పక్కనా బరువు రాయాలని స్వెర్రె అడిగితే, మీ అమ్మ తన నాణేన్ని కొన్నాళ్లు నా దగ్గర వదలడానికి ఒప్పుకుంది. అతని పళ్లెంలో నిజంగానే వెండిది ఒకటి ఉంది, మీ అమ్మ నాణెం కొట్టిన అచ్చులోనే కొట్టింది. రెండూ ఒకే వెడల్పు, ఒకే మందం. త్రాసులో పెడితే మీ అమ్మది బాగా తేలిక. త్రాసు చెడిందేమోనని రెండోదాంట్లో పెట్టాను, అదీ అదే మాట చెప్పింది. అప్పుడు నాణేన్ని సన్నటి చేపల దారంతో కట్టి నీళ్లలో వేలాడదీసి తూచాను. ఇది పాత పద్ధతి, మిషన్లు రాకముందు నుంచీ ఉన్నదే, కానీ నాణెం లోపల ఏముందో దాచనివ్వదు. వెండి నాణెం ఎంత లేదన్నా నీటికి పది రెట్లు బరువుండాలి. ఇది తొమ్మిది రెట్లు కూడా లేదు.

మిషన్ అబద్ధం చెప్పలేదు. అది పైతోలు మాత్రమే చూస్తుంది, నేనూ తోలునే అడిగాను. నాణెం అంచున చట్రం పళ్లు ఏళ్ల తరబడి రాసుకున్న చోట వెండి కొద్దిగా అరిగి ఉంది. అక్కడ ఆనించి మళ్ళీ నొక్కాను. రాగి, నికెల్, జింకు. అంటే లోపలంతా కొత్తవెండి, పైన వెండి పూత. కొత్తవెండి సంగతి నీకు చెప్పక్కర్లేదు, మీ ఇంట్లో చెంచాలన్నీ అదే. జర్మన్ సిల్వర్ అని కొందరు అంటారు. ఎవరు ఏ పేరు పెట్టినా పేరులో తప్ప అందులో వెండి రవ్వంత కూడా ఉండదు.

నాకు దిగులు పట్టుకుంది. నా పొరపాటుకి కాదు, దాన్ని స్వెర్రెకి ఒక్క ముక్కలో చెప్పి దిద్దుకోవచ్చు. మీ నాన్న పెళ్లికి ముందు ఆ నాణేన్ని మీ అమ్మ చేతిలో పెట్టాడు. టంకశాల పెద్దలు అనుమతించి ఆయనకి ఇచ్చిన ఒకే ఒక్కటి అది. ఇంకొకడైతే ఉంగరం ఇచ్చేవాడు, ఆయన తను సరిచేసిన యంత్రం కొట్టిన నాణెం ఇచ్చాడు. మీ అమ్మ దాన్ని ప్రతి ఏడూ మే పదిహేడు, జాతీయ దినం నాడు, పండగ బట్టల మీద, మెడ దగ్గర పెట్టుకుంది. ఇప్పుడు నేను వెళ్లి, మీ ఆయన కొత్తవెండికి పూత పూయించి వెండని నమ్మించాడు అని చెప్పాలి. ఆయన పోయి ఆరేళ్లయింది, అడుగుదామన్నా లేడు. మా మామగారిని నేనే దొంగని చేస్తున్నాననిపించి ఒకరోజు పరీక్షశాల మెట్ల మీద కూర్చుని ఏడ్చాను కూడా.

కొన్నాళ్లు మీ అమ్మ ఇంటి వైపు వెళ్లలేదు. పని ఉందన్నాను, జలుబన్నాను. ఆఖరికి తనే ఫోన్ చేసింది. "ఏమ్మా, మా ఇంటి కాఫీ చేదెక్కిందా?" అంది. స్వెర్రె పండగలోగా పక్కాగా రాసివ్వమని అడుగుతున్నాడు. ఇక తప్పదని ఆదివారం మధ్యాహ్నం వంతెన దాటి వెళ్లాను.

మీ అమ్మ వాఫిల్స్ వేస్తోంది. నేను కోటు విప్పకుండానే చెప్పేశాను.

"అత్తయ్యా, ఆ నాణెం వెండి కాదు."

"పైన?" అంది, గరిటెతో పిండి పోస్తూనే.

"పైన వెండే. పూత."

"ఆ పూత మందంగానే ఉందా?"

"మందంగానే ఉంది. మిషన్ కూడా మోసపోయింది."

"అయితే ఆ వెండిపని ముసలాయన మంచి పనివాడే. నేను అనవసరంగా అనుమానించా" అని మూత వేసింది. "కోటు విప్పి కూర్చో. నిలబడితే నా వంట చెడుతుంది."

నేను కూర్చున్నాను.

"పూత మీరే వేయించారా?"

"ఇంకెవరు వేయిస్తారు? మీ మామగారికి ఆ నాణెం మీద చెయ్యి వెయ్యడానికి మనసొచ్చేదా?"

అప్పుడు చెప్పింది. అది నేను చెబితే పలచబడిపోతుంది, మీ అమ్మ మాటల్లోనే విను.

"నేను ఎక్కడో ఉత్తరాన లొఫోటెన్ దీవుల్లో కాడ్ చేపలు ఎండబెట్టుకునే పిల్లని. పందొమ్మిదేళ్లు. మీ మామగారు అది నా చేతిలో పెట్టి 'ఇది కొత్తవెండి' అన్నారు. మా ఊళ్లో చెంచాలంటే చెక్కవీ, ఇనుపవీ. ఆ మాట ఒక లోహం పేరని నాకేం తెలుసు? కొత్త, వెండి అని రెండుగా విన్నా. వెండి గనుల ఊరివాడు వెండి ఇస్తున్నాడు, అది కూడా కొత్తది. ఇంకేం కావాలి? అప్పుడే పరుగెత్తుకెళ్లి మా అమ్మకి చెప్పా. ఇక్కడికి కాపురానికొచ్చాక చర్చి ముందు నిలబడి మా ఆయన నాకు వెండి నాణెం ఇచ్చాడని అందరికీ చూపించా. ఆయన పక్కనే ఉన్నారు. చెవులు ఎర్రబడ్డాయి గానీ నోరు మెదపలేదు."

"కాదని చెప్పొచ్చు కదా?"

"నా మొహం చూసి ఉంటారు. అప్పట్లో నా మొహం బాగుండేదిలే."

మరి ఎప్పుడు తెలిసిందని అడిగాను. మొదటి మే పదిహేడుకే తెలిసిందట. ఊరేగింపు సగంలో ఉండగా మెడ మంటెత్తి, సాయంత్రానికి ఎర్రటి దద్దుర్లు. డాక్టరు చూసి "నీకు నికెల్ పడదు, ఏం పెట్టుకున్నావు?" అన్నాడట. వెండి అంది. వెండిలో నికెల్ ఉండదమ్మా అన్నాడాయన. ఇంటికి వెళ్లే దారిలో కొత్త, వెండి అనే ఆ రెండు మాటలూ ఒకటై అర్థమయ్యాయట.

"అప్పుడైనా మామయ్యని అడగలేదా?"

"ఎలా అడగను? ఊరంతా చాటింది నేను. నేను చిన్నబోతానని ఆయన నోరు కుట్టేసుకున్నారు. ఇప్పుడు నేనెళ్లి ఇది వెండి కాదటగా అంటే ఆ మనిషి దొంగలా నిలబడాలి. పెట్టుకోవడం మానేస్తే ఎందుకు మానేశావంటారు. అందుకని ఆయన కొండల మీద ట్రౌట్ చేపలకి వెళ్లిన వారం చూసి పూత వేయించా. దద్దుర్లు పోయాయి. ఆయనకి ఏమీ తెలియలేదు" అంది. ఇన్నేళ్ల తన తెలివి తలుచుకుని కొంచెం గర్వంగానే నవ్వింది.

నేనూ నవ్వాను. నా గుండె మీది బండ దిగిపోయింది. మీ నాన్న దొంగ కాదు, మొదటి రోజే నిజం చెప్పాడు. కానీ నా బుర్ర ఊరుకోదు కదా. నేను రోజూ లోహాలతో ఉండేదాన్ని, పూత వేసిన అంచు నా వేలికే ఆనుతుంది. మీ నాన్న జీవితమంతా నాణేల అంచులు తడిమిన మనిషి.

"అత్తయ్యా, పండగ ముందు వెండి సామాను ఎవరు తోమేవారు?"

"ఆయనే. నా చొక్కా పిన్నులూ, నడుం పట్టీ, బకిల్స్ అన్నీ. వంటింటి బల్ల మీద పాత పేపరు పరుచుకుని, సుద్దపొడి పెట్టి తళతళలాడేలా తోమేవారు."

"నాణెం కూడా సుద్దపొడితోనేనా?"

"ఊహూ. నాణేన్ని ఉత్త మెత్తటి గుడ్డతో తుడిచేవారు. నన్ను కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు. 'దీన్ని పొడితో రుద్దకు గుడ్రున్' అని ప్రతి ఏడూ చెప్పేవారు. నాణెం కదా, బొమ్మ అరిగిపోతుందని..."

అక్కడ ఆగిపోయింది. సుద్దపొడి పెడితే అసలు వెండికి ఏమీ కాదు, పూత మాత్రం నాలుగు పండగలకి లేచిపోతుంది. వెండి ఊళ్లో యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి నేను చెప్పాల్సిన పని లేదు. వాఫిల్ మాడిన వాసన వచ్చింది. ఇద్దరం లేవలేదు.

"ఆయనకి తెలుసు" అంది.

"తెలుసు అత్తయ్యా."

"నాకు తెలుసని కూడా తెలుసు."

"తెలుసు."

"దొంగ ముసలోడు" అంది. ఆ తర్వాత ఏప్రన్ అంచు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఓడ్‌వార్, మీ నాన్న అంత్యక్రియల్లో కూడా మీ అమ్మ అలా ఏడవడం నేను చూడలేదు. అది దుఃఖం కాదు. ఏమిటో నాకు పేరు తెలియదు, నేను వెళ్లి తన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. కాసేపటికి నా తల మీద చెయ్యి వేసి, "ఆ మాడింది కుక్కకి పట్టుకెళ్లు" అంది.

మర్నాడే స్వెర్రెకి నిజం చెప్పాను. మొహం మాడ్చుకుంటాడనుకుంటే కుర్చీలోంచి లేచాడు. వెండిది వాళ్ల పళ్లెంలో ముందే ఉందిగా. కొత్తవెండిలో కొట్టి చూసినట్టు ఇప్పటిదాకా ఎవరికీ తెలియదట, ఇది తప్ప ఇంకోటి మిగిలినట్టు కూడా దాఖలా లేదట. పైపూత తీసేస్తే అసలు లోహం కనబడుతుంది, తీయించమంటారా అని మీ అమ్మని అడిగాడు. "దాని మీద చెయ్యి వేశావంటే నీ బో ఊడదీస్తా" అంది. అతను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మే పదిహేడున మంచి ఎండ కాసింది. మీ అమ్మ నీలం బట్టలు కట్టుకుని నాణెం పెట్టుకుంది. పొద్దున్నే నాచేత తుడిపించింది, గుడ్డ కూడా మీ నాన్నదే. నేను గట్టిగా రుద్దుతున్నానని మూడుసార్లు కసిరింది. చర్చి దగ్గర బడిపిల్లల ఊరేగింపు దాటుతుండగా మీ మేనత్త బోర్గిల్ మమ్మల్ని పట్టుకుంది. నీ కేకు సంగతి అప్పటికే ఆవిడ చెవిన పడింది.

"ఏం గుడ్రున్, అది నిజంగా వెండేనని తేలిందటగా? మా అన్నయ్య మాట నిలబడిందన్నమాట" అంది.

నలుగురూ వింటున్నారు. మీ అమ్మ మెడ దగ్గర చెయ్యి పెట్టుకుని తాపీగా అంది.

"వెండి కాదు బోర్గిల్, కొత్తవెండి. మీ అన్నయ్య మొదటి రోజే చెప్పారు. నేనే సరిగ్గా వినలేదు."

మీ మేనత్త వెంటనే మాట మార్చి, ఐస్‌క్రీమ్ తనే కొనిపెడతానంది. ఇలాంటిది ఇదివరకెప్పుడైనా జరిగిందేమో నువ్వే గుర్తు చేసుకో. తర్వాత ముగ్గురం కలిసి ఐస్‌క్రీమ్ తిన్నాం.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది. దీవిలో అందరినీ కూర్చోబెట్టి, మా నాన్న నాణెం వెండిది కాదు అని చెప్పు. మొదట తప్పు చెప్పింది నా భార్య అని కూడా చెప్పు, పరవాలేదు. కావాలంటే ఇంకో కేకు చెయ్యి. మీ అమ్మా నాన్నా ఒకరి పరువు ఒకరు కాస్తూ అంతకాలం ఒకే బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగారని తెలిసినప్పటి నుంచి నేను నిన్ను కొత్త కళ్లతో చూస్తున్నాను. నువ్వు నా దగ్గర ఏం దాచావో వెతకను. నేను దాచినవి కూడా కొన్ని ఉన్నాయి, నువ్వూ గుడ్డతో తుడిచి ఊరుకో.

నిన్న నాణేన్ని మ్యూజియానికి ఇచ్చాం, చలికాలం దాకా అక్కడే ఉంటుంది. అద్దాల పెట్టెలో పెట్టాక స్వెర్రె చిన్న అట్టముక్క తీసి, కింద ఏ లోహమని రాయమంటారని మర్యాదకి మీ అమ్మనే అడిగాడు. మీ అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని అతని భుజం మీంచి వంగి చూసింది.

"కొత్తవెండి అని రాయి. మధ్యలో ఖాళీ వదలకు బాబూ. రెండూ కలిపి రాయి" అంది.

ఇట్లు,
కుడికాలి బూటు దాచిన నీ ఇల్లాలు,
సిగ్నె